చెవి కింద గడ్డకు చెన్నైలో ఆపరేషన్: ఏ పద్ధతికి డబ్బు పెట్టొచ్చు, దేనికి అక్కర్లేదు

చెవితమ్మె కింద నొప్పి లేని గడ్డ. నెల్లూరులోనో తిరుపతిలోనో చూపిస్తే "పెరోటిడ్, చెన్నై వెళ్లి తీయించుకోండి" అంటారు. పెరోటిడ్ అంటే చెవి ముందు, కింద ఉండే లాలాజల గ్రంథి. ఇంట్లో వాళ్లకు వెంటనే పట్టుకునే భయం ఒకటే: మూతి వంకర పోతుందట. చేతికొచ్చే ఎస్టిమేట్ కాగితంలో గది అద్దె, ఓటీ చార్జీ, రోబో ఖర్చు విడివిడిగా ఉంటాయి. గ్రంథి ఎంత మేర తీస్తారన్నది మాత్రం తరచూ "పెరోటిడెక్టమీ" అన్న ఒక్క మాటలో ముగుస్తుంది. మూతి సంగతైనా, గడ్డ మళ్లీ రావడమైనా తేలేది ఆ మాట దగ్గరే.

ముందు పరీక్షలు. లాలాజల గ్రంథుల గడ్డల్లో దాదాపు 80 శాతం పెరోటిడ్‌లోనే వస్తాయి, వాటిలో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివి. గ్రంథి చిన్నదయ్యే కొద్దీ లెక్క తిరగబడుతుంది. దవడ కింది గ్రంథిలో సగానికి దగ్గరగా, నాలుక కింద అంతకన్నా ఎక్కువగా క్యాన్సర్లే. అంగిట్లో చిన్న బుడిపేగా అని ఊరుకోకూడదు. సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ అల్ట్రాసౌండ్ చూస్తూ చేయించుకోండి. రిపోర్టులో 2018 నుంచి వాడుకలో ఉన్న మిలాన్ పద్ధతి ప్రకారం 1 నుంచి 6 వరకు (6 అంటే క్యాన్సర్) ఏ తరగతో రాసి ఉండాలి, లేకపోతే అడగాలి. లోతుగా ఉన్నదానికీ, క్యాన్సర్ అనుమానం ఉన్నదానికీ కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ కావాలి. చెవి ముందు కోసి ముక్క తీస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. గడ్డ కణాలు చుట్టూ చిందుతాయి, తర్వాతి ఆపరేషన్ ఆ మచ్చలోంచే చేయాల్సి వస్తుంది.

ఇక పద్ధతులు. గడ్డను పొరలోంచి గింజలా ఒలిచేయడం ఎన్యూక్లియేషన్. చవక, త్వరగా అయిపోతుంది, అయినా వద్దు. పెరోటిడ్‌లో ఎక్కువగా వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ ప్లియోమార్ఫిక్ ఎడినోమా. దాని పొర అంతటా ఒకేలా ఉండదు, మొగ్గల్లాంటి ముక్కలు దాన్ని దాటి బయటికి పొడుచుకొస్తాయి. ఒలిచినప్పుడు అవి అక్కడే మిగిలి, ఏళ్ల తర్వాత ఆవగింజలు చల్లినట్టు చాలా చోట్ల లేస్తాయి. రెండోసారి కోసేటప్పుడు గ్రంథిలోంచి వెళ్లి ముఖాన్ని కదిలించే ముఖనాడి మచ్చలో ఇరుక్కుపోయి ఉంటుంది, మూతి వంకర పోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

ఎక్స్‌ట్రాక్యాప్సులార్ డిసెక్షన్ దీనికి వేరు. నాడి మొదలును వెతకకుండానే, గడ్డ చుట్టూ పలచగా ఆరోగ్యమైన గ్రంథిని కలిపి తీస్తారు. పైపొరలో, కదిలే, చిన్న గడ్డకు సరిపోతుంది, కానీ దీన్ని తరచూ చేసే చేతుల్లోనే. చాలామందికి మా ఓటు పార్షియల్ సూపర్‌ఫీషియల్‌కు: నాడి మొదలు పట్టుకుని, గడ్డ ఉన్న వైపు కొమ్మల వెంటే వెళ్లి, గడ్డ చుట్టూ కొంత గ్రంథితో సహా తీస్తారు. పైభాగం మొత్తం తీసే పాత పద్ధతిలోనూ గడ్డ తిరిగి రావడం తక్కువే, కాకపోతే చెంప దగ్గర గుంట పడడం, తినేటప్పుడు చెమట పట్టడం ఎక్కువ. గ్రంథి మొత్తం తీసే టోటల్ అనేది లోతు గడ్డలకు, క్యాన్సర్‌కు. క్యాన్సరైనా ముఖం బాగా కదులుతూ, నాడిలోకి పాకకపోతే నాడిని కాపాడతారు. ముందే ముఖం పడిపోయి ఉంటే నాడిని కోయాల్సి రావచ్చు. అప్పుడు కాలి నుంచో చెవి దగ్గర నుంచో నాడి ముక్క తెచ్చి అదే పూట అతుకుతారా అని అడగండి.

ఆపరేషన్‌లో ముఖనాడిని తాకితే హెచ్చరించే నర్వ్ మానిటర్‌కు విడిగా డబ్బు తీసుకుంటే ఇవ్వొచ్చు. అది తాత్కాలిక బలహీనతను తగ్గిస్తుంది, శాశ్వత నష్టాన్ని తగ్గిస్తుందన్న రుజువు అంత గట్టిగా లేదు. పైగా కండరాలు సడలించే మందు ప్రభావం ఇంకా ఉంటే అది మూగబోతుంది, మత్తు డాక్టర్‌కు ముందే తెలియాలి. అసలు పని సర్జన్ చేతిదే: చెవి మృదులాస్థి మొనకు సుమారు 1 సెంటీమీటరు లోపల, కిందగా నాడి మొదలును పట్టుకోవడం.

రోబోకు మా దగ్గర మార్కులు తక్కువ. మచ్చ చెవి వెనక జుట్టులోకి పోతుంది, నిజమే. చెవి ముందు నుంచి వెనక జుట్టులోకి తిప్పే ఫేస్‌లిఫ్ట్ కోతతో చేత్తోనే దాదాపు అంత ఫలితం వస్తుంది. ఆ డబ్బుకు బదులు, గుంట పడకుండా మెడ కండరాన్నో కొవ్వునో తిప్పి నింపుతారా అని అడగడం మేలు.

తర్వాత వచ్చే తిప్పలు. మూతి ఒక పక్క కొంచెం లాగడం మామూలే, నాడి తెగకపోతే వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. కన్ను పూర్తిగా మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, టేపు తప్పనిసరి. చెవితమ్మె మొద్దుబారుతుంది, దుద్దులు పెట్టుకునేటప్పుడు, గడ్డం గీసుకునేటప్పుడు తెగినా తెలియదు. చెవికి స్పర్శ ఇచ్చే నాడి వెనక కొమ్మను మిగిల్చితే ఇది తగ్గుతుంది. తింటున్నప్పుడు కుట్ల కింద ఉబ్బితే అది లాలాజలం, చాలాసార్లు సిరంజితో తీసి గట్టిగా కట్టు కడితే మానుతుంది. కొన్ని నెలల తర్వాత ఆవకాయ ముద్ద నోట్లో పెట్టగానే చెవి ముందు చెమట కారితే అది ఫ్రే సిండ్రోమ్. లాలాజలం ఊరించాల్సిన నాడి పోగులు దారి తప్పి చెమట గ్రంథులకు అతుక్కుంటాయి. బొటాక్స్ సూదితో ఆగుతుంది, ప్రభావం తగ్గాక మళ్లీ వేయించుకోవాలి.

దవడ కింది గ్రంథికైతే కోత దవడ అంచుకు రెండు వేళ్ల కిందే ఉండాలి. పైకి జరిగితే కింది పెదవి మూల కదిలించే నాడికి ముప్పు. అన్నం తినేటప్పుడే ఉబ్బి తర్వాత తగ్గేది చాలాసార్లు రాయి, గడ్డ కాదు. దానికి గ్రంథి మొత్తం తీసేయడం తొందరపాటు.

మిలాన్ 6 వస్తే లెక్క వేరు. సర్జరీ, పాథాలజీ, రేడియేషన్ వాళ్లు కలిసి కూర్చునే చోటుకే వెళ్లాలి. ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో అడయారులో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి అందుకే ఉన్నాయి, అక్కడ వేచి ఉండే ఓపిక మాత్రం కావాలి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ పడితే వారానికి 5 రోజుల చొప్పున సాధారణంగా 30 నుంచి 33 సార్లు. ఆ ఆరేడు వారాలు చెన్నైలో గది తీసుకోకుండా ఇంటికి దగ్గర్లో చేయించుకోవచ్చా అన్నది డిశ్చార్జ్‌కు ముందే తేల్చుకోండి. ఎడినాయిడ్ సిస్టిక్ రకం క్యాన్సరైతే పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో కనిపించవచ్చు, చెకప్‌లు ఐదేళ్లతో ఆపకూడదు.

గాయంలోంచి నీరు, రక్తం బయటికి తీసే గొట్టం (డ్రెయిన్) సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో, కుట్లు వారంలో తీస్తారు. పాథాలజీ రిపోర్టుకూ దాదాపు అంతే పడుతుంది. రిటర్న్ టికెట్ ఆ తేదీ చూసుకుని కొనండి. వెళ్లేటప్పుడు స్లైడ్లు, గడ్డ ముక్కలను మైనంలో దాచిన పారాఫిన్ బ్లాకులు సంతకం పెట్టి తీసుకోండి, రెండో అభిప్రాయం అడిగిన డాక్టర్ మొదట అడిగేవి అవే.