విదేశాల్లో ఉండే కాంట్రాక్టర్ల టాక్స్ ఫారాల సాఫ్ట్‌వేర్: కొన్ని సీజన్లు వాడాక నా మాట

అమెరికాలో ఒక చిన్న కంపెనీకి లెక్కలు చూస్తాను. మా దగ్గర ఉద్యోగులకన్నా కాంట్రాక్టర్లే ఎక్కువ. డిజైన్ చేసేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు. వాళ్లలో చాలామంది భారత్, ఫిలిప్పీన్స్, పోలండ్‌లలో తమ ఇళ్ల నుంచే పనిచేస్తారు. వాళ్ల దగ్గర టాక్స్ ఫారాలు తీసుకుని, ఏడాది గడిచాక ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) పంపాల్సినవి పంపడానికి ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌కి ఏటా చందా కడుతున్నాం. దాని పేరు రాయడం లేదు. ఈ కోవలో నేను చూసిన మిగతావాటికీ దాదాపు ఇవే గుణాలు, ఇవే లోపాలు ఉన్నాయి కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

ముందే తేల్చి చెప్పేస్తాను. కాగితాలు తెప్పించడంలో, భద్రంగా ఉంచడంలో, గడువు గుర్తుచేయడంలో దీనికి వంక పెట్టలేను. ఎవరికి ఏ ఫారం వర్తిస్తుందన్న నిర్ణయం మాత్రం దాని చేతిలో పెట్టకూడదు.

మంచి సంగతులతో మొదలుపెడతాను. అమెరికా పౌరుడు కాని, అమెరికా రెసిడెంట్ కాని వ్యక్తి ఇవ్వాల్సింది డబ్ల్యూ-8 బెన్. ఒక్క పేజీ ఫారం. అయినా అది చేతికి రాగానే కొత్త కాంట్రాక్టర్‌కి టెన్షన్ మొదలవుతుంది. "నా పాన్ నంబర్ అమెరికా ప్రభుత్వానికి ఎందుకండీ?", "దీని మీద సంతకం పెడితే అక్కడ టాక్స్ కట్టాలా?" అని అడుగుతారు. ఆ భయం సహజమే. నిజానికి ఈ ఫారం ఐఆర్‌ఎస్‌కి వెళ్లదు. డబ్బు చెల్లించే కంపెనీ దగ్గరే ఉంటుంది. తాను అమెరికా వ్యక్తిని కానని కాంట్రాక్టర్ ఇచ్చే ధ్రువీకరణ అది. సాఫ్ట్‌వేర్ ఈ ముక్కను మొదటి స్క్రీన్ మీదే చెబుతుంది. దాంతో నాకు రావలసిన ఈమెయిళ్లు సగానికి సగం తగ్గాయి.

చిన్న చిన్న తప్పులు పట్టుకోవడంలో కూడా దిట్ట. మూడో లైన్‌లో శాశ్వత నివాస చిరునామా ఇవ్వాలి. అక్కడ పోస్ట్ బాక్స్ నంబరు గానీ, కేరాఫ్ చిరునామా గానీ పనికిరాదు. మనవాళ్ల ఆధార్ కార్డుల్లో చిరునామా చాలాసార్లు కేరాఫ్‌తోనే మొదలవుతుంది కదా, దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు. సాఫ్ట్‌వేర్ వెంటనే ఆపి, తీసేయమంటుంది. తేదీల విషయమూ అంతే. అమెరికా ఫారంలో నెల ముందు, రోజు తర్వాత. క్యాలెండర్ మీద నొక్కి ఎంచుకోవడమే కాబట్టి తారుమారయ్యే అవకాశం లేదు.

సంతకం గురించి ఒక మాట. పీడీఎఫ్‌లో సంతకం గీత మీద పేరు టైప్ చేసి పంపేవాళ్లు చాలామంది. అలా టైప్ చేసిన పేరు ఎలక్ట్రానిక్ సంతకం కిందికి రాదని ఫారం సూచనల్లోనే ఉంది. ఎవరు పెట్టారో, ఏ తేదీన ఏ సమయానికి పెట్టారో, ఎలక్ట్రానిక్‌గా సంతకం చేశామన్న వాక్యంతో సహా కనిపించాలి. ఆ పని సాఫ్ట్‌వేర్ తనంతట తానే చేస్తుంది. చందాలో సగం దీనికే గిట్టుబాటు అనుకుంటాను.

గడువు లెక్క కూడా మనిషి గుర్తుపెట్టుకునే తీరులో ఉండదు. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరి రోజు దాకా ఫారం చెల్లుతుంది. 2023 జనవరి 2న పెట్టినా, అదే ఏడాది డిసెంబరు 30న పెట్టినా రెండూ 2026 డిసెంబరు 31తోనే ముగుస్తాయి. ఈలోగా దేశం మారడం లాంటి మార్పు వచ్చి ఫారంలో రాసింది సరికాకుండా పోతే 30 రోజుల్లో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ముందుగానే గుర్తుచేస్తుంది గానీ, ఆ మెయిల్ చూస్తే అచ్చం మోసగాళ్లు పంపినట్టే ఉంటుంది. ఎవరో తెలియని చిరునామా నుంచి వచ్చి పాన్ నంబరు, పుట్టిన తేదీ ఇమ్మంటే ఎవరు మాత్రం ఇస్తారు? ఇప్పుడు ఆ మెయిల్ వెళ్లేముందు మేమే విడిగా ఒక మెసేజ్ పెడుతున్నాం.

ఇక అసలు చిక్కు. కొత్త కాంట్రాక్టర్‌ని చేర్చగానే సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్న "మీరు ఏ దేశంలో ఉంటున్నారు?" అని. అమెరికా కాకుండా ఏది చెప్పినా నేరుగా డబ్ల్యూ-8 బెన్ తెరుచుకుంటుంది. వినడానికి సబబుగానే ఉంది కదా? కాదు. అమెరికా పన్ను చట్టం మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది ఒక్కటే చూడదు. అతను అమెరికా వ్యక్తి అవునా కాదా అన్నది ముందు చూస్తుంది. పౌరుడైతే ప్రపంచంలో ఏ మూలనున్నా అమెరికా వ్యక్తే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లూ మామూలుగా అంతే.

మాతో పనిచేసే ఒకాయన తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి హైదరాబాద్ వెళ్లిపోయారు. గ్రీన్ కార్డ్ తిరిగి అప్పగించలేదు. కార్డు మీద తేదీ దాటిపోయినంత మాత్రాన పన్ను విషయంలో ఆ హోదా పోదు. ఇంకొకామె అమెరికాలో పుట్టి, చిన్నప్పుడే గుంటూరు వెళ్లి, అక్కడే పెరిగింది. ఆమెది అమెరికా పాస్‌పోర్ట్. ఇద్దరూ ఇవ్వాల్సింది అమెరికా వ్యక్తులు ఇచ్చే డబ్ల్యూ-9. ఏడాది చివర వాళ్లిద్దరికీ, ఎంత చెల్లించామో చూపే 1099-ఎన్‌ఈసీ వెళ్లాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇద్దరికీ డబ్ల్యూ-8 బెన్ పంపింది. వాళ్లు సంతకం పెట్టకముందే నా కంట పడింది కాబట్టి సరిపోయింది. అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న ధ్రువీకరణ మీద పెట్టే సంతకం అది.

అసలు ఫారం పైభాగంలోనే అమెరికా పౌరులు, రెసిడెంట్లు దీన్ని వాడకూడదని రాసి ఉంటుంది. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫారం ముఖం కనిపించదు. ఒక్కో ప్రశ్నకు జవాబిస్తూ 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుకుంటూ పోవడమే. పని సులువు చేస్తున్నామంటూ అసలైన హెచ్చరికను మింగేశారు. హెల్ప్ డెస్క్‌కి రాస్తే "చిరునామా అమెరికా బయట ఉంది కాబట్టి ఇదే సరైన ఫారం" అని జవాబు వచ్చింది. రెండోసారి రాస్తే అదే జవాబు, కింద పేరు మాత్రం వేరు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ఉత్తరాలు పోకుండా చేరతాయని న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ఇంటి అడ్రస్ ఇచ్చాడు ఒక కుర్రాడు. అమెరికా గడప తొక్కని ఆ అబ్బాయిని సాఫ్ట్‌వేర్ డబ్ల్యూ-9, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగింది.

ఇప్పుడు మేము ఎవరికైనా లింకు పంపేముందు రెండు ప్రశ్నలు మేమే అడుగుతాం. మీకు అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉందా? పని ఎక్కడ కూర్చుని చేస్తారు? మొదటి జవాబుతో ఏ ఫారం తీసుకోవాలో తేలుతుంది. అమెరికా వ్యక్తి కానివాళ్ల విషయంలో, రెండో జవాబుతో ఏడాది చివర ఏమైనా పంపాలా వద్దా అన్నది తేలుతుంది. ఈ రెండో ప్రశ్న సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదు.

ఎందుకు ముఖ్యమంటే, సేవలకు ఇచ్చే డబ్బు ఎక్కడి ఆదాయం అన్నది పని జరిగిన చోటును బట్టి ఉంటుంది. కంపెనీ ఎక్కడుంది, డబ్బు ఏ బ్యాంకు నుంచి వెళ్లింది అన్నవి లెక్కలోకి రావు. అమెరికా వ్యక్తి కాని మనిషి అమెరికా బయటే పని మొత్తం చేస్తే అది అమెరికా ఆదాయం కాదు. పన్ను కింద 30 శాతం కోత ఉండదు, 1099 ఉండదు, అమెరికా వ్యక్తులు కానివాళ్లకు ఇచ్చిన అమెరికా ఆదాయాన్ని చూపే 1042-ఎస్ కూడా మామూలుగా ఉండదు. సంతకమైన డబ్ల్యూ-8 బెన్ ఫైల్లో ఉంటే చాలు. కానీ జనవరి వచ్చేసరికి మా సాఫ్ట్‌వేర్ డబ్ల్యూ-8 ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు మీదా 1042-ఎస్ సిద్ధం చేసి, "పంపమంటారా?" అని అడుగుతుంది. ఫారానికి ఇంత అని విడిగా వసూలు చేసేవాళ్లకు, ఈ ఫారం మీకు అక్కర్లేదని చెప్పాలన్న తొందర ఎందుకుంటుంది లెండి.

పని చేయడానికి అమెరికా వస్తే మాత్రం కథ మారుతుంది. ఇక్కడ పనిచేసిన రోజులకు చెందిన సొమ్ము అమెరికా ఆదాయం. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందంలోని 15వ అధికరణం ప్రకారం, ఆ పన్ను సంవత్సరంలో ఇక్కడ గడిపినవి మొత్తం 90 రోజుల కన్నా తక్కువై, స్థిరమైన ఆఫీసు లాంటిది లేకపోతే మినహాయింపు అడగవచ్చు. దానికి వాడాల్సింది డబ్ల్యూ-8 బెన్ కాదు, 8233 అనే ఫారం. ఆ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ గానీ, అది రానివాళ్లకు ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు ఐటిన్ గానీ ఉండాలి. మేము దాన్ని ఆమోదించిన 5 రోజుల్లో ఐఆర్‌ఎస్‌కి పంపి, ఆపైన 10 రోజులు ఆగాలి. సాఫ్ట్‌వేర్‌లో 8233 అన్నదే లేదు. అందుకని ప్రతి ఇన్‌వాయిస్ మీదా పని చేసిన చోటు రాయమని కాంట్రాక్టర్లకు చెప్పాం. గొణిగారు, కానీ రాస్తున్నారు.

రాయల్టీల దగ్గర మాత్రం దీన్ని మెచ్చుకోవాలి. ఒకరు గీసిన బొమ్మను అమెరికాలో వాడుకోవడానికి లైసెన్స్ కింద డబ్బిస్తే, గీసినవాళ్లు ఎక్కడున్నా అది అమెరికా ఆదాయమే. పన్ను మామూలుగా 30 శాతం, భారత్ ఒప్పందం కింద కాపీరైట్ రాయల్టీకి 15 శాతం. డబ్ల్యూ-8 బెన్ తొమ్మిది, పది లైన్లలో దేశం, అధికరణం, రేటు సరిగా పడాలి, పన్ను నంబరు ఉండాలి. ఆ తర్వాత మార్చి 15 లోపు 1042-ఎస్, దానితోపాటు కంపెనీ ఇచ్చే ఏడాది రిటర్న్ 1042. ఒక్కో 1042-ఎస్ ఫారానికి పది అంకెల ప్రత్యేక సంఖ్య ఉంటుంది, సవరణ పంపినా అదే సంఖ్య కొనసాగాలి. ఇదంతా చేత్తో చేస్తే తల తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ తొణకకుండా చేస్తుంది. ఒప్పందాల జాబితా మాత్రం ఓ కన్నేసి ఉంచండి. 2024 జనవరి 1 నుంచి హంగరీ ఒప్పందం రేట్లు వర్తించవు. ఆ తర్వాత కూడా చాలాకాలం హంగరీ మా జాబితాలో దర్జాగా కూర్చుని ఉంది.

కంపెనీలు ఇచ్చే డబ్ల్యూ-8 బెన్-ఇ ఎనిమిది పేజీలు, ముప్పై భాగాలు. అందులో తమకు సంబంధించినవి ఏవో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వాళ్లకు తెలియదు. నాలుగైదు ప్రశ్నలతో దాన్ని దారిలో పెట్టడం ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చిన సౌకర్యం. కాకపోతే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ వ్యాపారం పేరు మీద ఉందని ప్రొప్రైటర్లు కూడా 'కంపెనీ' అని నొక్కేస్తారు. ప్రొప్రైటర్ అంటే వ్యక్తే, ఒక్క పేజీ ఫారం చాలు.

అమెరికా వ్యక్తులకు పంపే 1099-ఎన్‌ఈసీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జనవరి 31 గడువు తప్పలేదు. 2026 నుంచి ఇచ్చే చెల్లింపులకు, ఈ ఫారం పంపాల్సిన కనీస మొత్తం 600 డాలర్ల నుంచి 2,000కు పెరిగిన సంగతీ వెంటనే ఎక్కించారు.

ఇద్దరో ముగ్గురో కాంట్రాక్టర్లు ఉంటే దీనికి డబ్బు పెట్టడం దండగ. ఐఆర్‌ఎస్ సైట్‌లో ఫారం ఉచితమే, గడువు క్యాలెండర్‌లో రాసుకుంటే సరి. ఐఆర్‌ఎస్‌కి పంపే 1099, 1042-ఎస్ లాంటి సమాచార ఫారాలు అన్ని రకాలూ కలిపి పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ఎలాగూ ఆన్‌లైన్‌లోనే పంపాలి కాబట్టి అక్కడి నుంచి ఇది దండిగా పనికొస్తుంది. కొనేముందు చందా ఆపేస్తే పాత ఫారాలు తెరుచుకుంటాయో లేదో అడగండి. మాదాంట్లో తెరుచుకోవు. కోయాల్సిన పన్ను కోయకపోతే ఐఆర్‌ఎస్ అడిగేది చెల్లించిన కంపెనీనే, సాఫ్ట్‌వేర్ వాళ్లను కాదు. అందుకని ప్రతి ఫారాన్నీ సంతకం వివరాల పేజీతో సహా మా కంప్యూటర్‌లోకి దింపుకుంటాం. ఒక్కొక్కటిగానే దింపాలి. అన్నీ ఒకేసారి దించే బటన్ పెట్టమని అడుగుతూనే ఉన్నాను, 'పరిశీలనలో ఉంది' అంటున్నారు.