2666 తీసి 3600 ర్యామ్ వేశాక: జీ.స్కిల్ రిప్‌జాస్ వి గురించి నెల్లూరు నుంచి ఒక రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తా. నా పీసీలో 2666 వేగం ర్యామ్ (ప్రాసెసర్ అప్పటికప్పుడు వాడుకునే మెమరీ) తీసి 3600ది వేశాక వాలొరెంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) లాంటి షూటింగ్ గేములు ఆడేటప్పుడు తేడా చేతికే తెలుస్తోంది. సైబర్‌పంక్ లాంటి బరువైన గేముని అల్ట్రాలో (బొమ్మ నాణ్యత బాగా ఎక్కువుండే సెట్టింగులో) పెట్టి ఆడితే మాత్రం రవ్వంత కూడా తెలియదు. ఈ రెండూ ఒకే పీసీలో, ఒకే ర్యామ్‌తో జరిగేవే. ఎందుకలా అన్నది తెలుసుకోకుండా ఎవరూ ర్యామ్ మీద డబ్బు పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

నేను కొన్నది జీ.స్కిల్ రిప్‌జాస్ వి, 16 జీబీ కిట్. అంటే 8 జీబీ స్టిక్కులు రెండు. డీడీఆర్4 రకం, వేగం 3600, సీఎల్18 (సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు ర్యామ్ తీసుకునే క్లాక్ టిక్కుల లెక్క). నెల్లూరులో నేను అడిగిన షాపుల్లో 3200 కిట్లే ఉన్నాయి, 3600 కావాలంటే ఆర్డరు పెట్టి తెప్పిస్తామన్నారు. మనకి ఇంకో దారుంది కదా. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్, అక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరంలో రిచ్చీ స్ట్రీట్. పని చూసుకుని రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. నేనూ అట్టాగే తెచ్చుకున్నా. రెండు మూడు షాపుల్లో రేటు అడిగి, సీల్ చూసి, స్టిక్కుల మీది సీరియల్ నంబర్లు బిల్లులో రాయించుకున్నా. జీ.స్కిల్ ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది. కానీ అది వాడుకోవాలంటే బిల్లు కావాలి, స్టిక్కు మీది స్టిక్కర్ చిరక్కుండా ఉండాలి.

మిగతా పీసీ సంగతి: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. పాత ర్యామ్ కూడా 8 జీబీవి రెండు, 2666, సీఎల్19. అవి అంతకుముందు ప్రాసెసర్‌తో కొన్నవి. ప్రాసెసర్ మార్చినా ర్యామ్ అలాగే ఉండిపోయింది. చాలామంది అప్‌గ్రేడ్‌లో జరిగేది ఇదే: ప్రాసెసర్, కార్డు మారతాయి, ర్యామ్ గురించి "పనిచేస్తుంది కదా" అని వదిలేస్తారు.

ర్యామ్ వేగం గేములో ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. స్క్రీన్ మీద వచ్చే ప్రతి ఫ్రేముకీ ముందు ప్రాసెసర్ పని చేయాలి. ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎటు పోయింది, ఏ వస్తువు కనపడాలి అన్నీ లెక్కేసి కార్డుకి అందిస్తే కార్డు బొమ్మ గీస్తుంది. అల్ట్రా సెట్టింగుల్లో కార్డు మెల్లగా గీస్తుంది కాబట్టి ప్రాసెసర్ దాని కోసం ఆగుతుంది. అక్కడ ర్యామ్ ఎంత వేగంగా ఉన్నా ఉపయోగం లేదు. వాలొరెంట్ లాంటి గేముని 1080పీలో, లో సెట్టింగుల్లో పెడితే కార్డు తన పని చకచకా ముగించి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది. ప్రాసెసర్ ఏమో కావలసిన డేటా తన క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) లేనప్పుడల్లా ర్యామ్ కోసం ఎదురుచూస్తుంది. అదిగో, ఆ ఎదురుచూపునే మనం డబ్బు పెట్టి తగ్గించుకుంటున్నాం.

ఇక అంకెలు. రెండు స్టిక్కులతో 2666 ర్యామ్ సెకనుకి దాదాపు 42.7 జీబీ డేటా ఇవ్వగలదు, 3600 అయితే 57.6 జీబీ. ఇది గరిష్ఠ లెక్క. గేములకి దీనికన్నా ముఖ్యమైంది అడిగినదాన్ని ఎంత త్వరగా ఇవ్వడం మొదలుపెడుతుందన్నది. దానికి చిన్న లెక్క ఉంది: సీఎల్ అంకెని 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగించండి, నానోసెకన్లు వస్తాయి. నా పాత 2666 సీఎల్19కి 14.25 వస్తుంది. కొత్త 3600 సీఎల్18కి సరిగ్గా 10. ఇదే లెక్క 3200 సీఎల్16కి వేయండి, అదీ 10 నానోసెకన్లే! అందుకే ఇప్పటికే 3200 సీఎల్16 ఉన్నవాళ్ళు దాన్ని అమ్మి 3600 సీఎల్18 కొనుక్కోవాల్సిన పనే లేదు. తక్కువ రేటుకి దొరికే 3200 సీఎల్22 స్టిక్కులకి వేస్తే 13.75 వస్తుంది. డబ్బా మీద 3200 అని ఉన్నా ఈ విషయంలో నా పాత 2666కి దగ్గర్లోనే ఉందన్నమాట. షాపులో "3200 ఉందా?" అని మాత్రమే అడిగితే ఇదే చేతిలో పెట్టొచ్చు. సీఎల్ ఎంతో కూడా అడగండి.

రైజెన్ వాళ్ళకి ఇంకో సంగతి. 5600లో కోర్లు ఒక చిప్ మీద, ర్యామ్‌ని చూసుకునే కంట్రోలర్ ఇంకో చిప్ మీద ఉంటాయి. రెంటినీ కలిపే దారి పేరు ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్. అది ర్యామ్ క్లాక్‌తో జతగా నడుస్తుంది. 2666 ర్యామ్ పెడితే 1333 మెగాహెర్ట్జ్, 3600 పెడితే 1800. ర్యామ్ వేగం పెరిగితే ప్రాసెసర్ లోపలి దారి కూడా వేగం పుంజుకుంటుంది. మరి 4000, 4400 ఎందుకు వేయకూడదంటే, చాలా ప్రాసెసర్లలో ఫ్యాబ్రిక్ అంత దూరం రాలేదు. అప్పుడు జత విడిపోయి కంట్రోలర్ సగం వేగానికి దిగుతుంది, ఆలస్యం తిరిగి పెరుగుతుంది. రైజెన్ 5000 సిరీస్‌కి 3600 దగ్గర ఆగమని అందరూ చెప్పేది అందుకే. రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసర్ ఉన్నవాళ్ళ కథ వేరు. దాంట్లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది, నా 5600లో 32 ఎంబీ. అంత క్యాష్ ఉంటే ర్యామ్ దాకా వెళ్ళే అవసరమే బాగా తగ్గుతుంది, కాబట్టి ర్యామ్ వేగం మీద వాళ్ళు ఖర్చు పెట్టినా పెద్దగా ఒరిగేది లేదు.

నేను పనిచేసేది ఇందుకూరుపేట వైపు ఒక ఆక్వా ల్యాబులో. వనామీ గుంటల నీళ్ళు పరీక్ష చేయడం నా పని. రొయ్యల రైతు ఎవరినడిగినా చెబుతారు, గుంటలో ఆక్సిజన్ రోజంతా సగటున ఎంతుందన్నది రొయ్య పిల్లని కాపాడదు. తెల్లవారుజామున ఎంతకి దిగిందన్నదే లెక్క. గేములో ఫ్రేములూ అంతే. సెకనుకి సగటు 250 ఫ్రేములు అని చూపిస్తుంది, కానీ స్మోక్ (పొగ బాంబు) వేసి నలుగురు ఒకేసారి సైట్ (బాంబు పెట్టే చోటు) మీద పడ్డప్పుడు అది ఎంతకి పడిందో చూడాలి. ఆ కింది ఒక్క శాతం (అన్నిటికన్నా మెల్లగా వచ్చే) ఫ్రేములే గేములో మన చావుకి కారణం. 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక్కో ఫ్రేముకి దాదాపు 7 మిల్లీసెకన్లే టైముంది. ఒక్క ఫ్రేము 15 తీసుకున్నా కంటికి తగులుతుంది.

అందుకే ఫ్రేములు కొలిచే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి పాత ర్యామ్‌తో ముందు కొలిచి పెట్టుకున్నా, కొత్తది వేశాక అదే మ్యాప్, అవే సెట్టింగులతో మళ్ళీ కొలిచా. సీఎస్2లో సగటు కొంచెమే పెరిగింది. కింది ఒక శాతం మాత్రం దాదాపు పదో వంతు పైకి లేచింది. వాలొరెంట్‌లోనూ ఇదే వరస. అన్నిటికన్నా నాకు నచ్చింది ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్. ఇదివరకు ముళ్ళకంపలా లేచే గీత ఇప్పుడు చాలావరకు సాఫుగా పోతోంది. సైబర్‌పంక్ అల్ట్రాలో రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే ఏది పాతదో ఏది కొత్తదో చెప్పలేం.

ఇప్పుడు చాలామంది పోగొట్టుకునే విషయం. కొత్త స్టిక్కులు పెట్టి మొదటిసారి ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే స్పీడ్ 2133 అని చూపించింది. నా పాత ర్యామ్ కన్నా తక్కువ! ర్యామ్‌లో లోపం లేదు. ఈ కిట్ మామూలుగా లేచేది 2133 దగ్గరే. 3600 అన్నది ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌లో (ర్యామ్‌లోనే కంపెనీ రాసిపెట్టిన వేగం సెట్టింగుల్లో) ఉంటుంది, దాన్ని బయోస్‌లోకి (పీసీ ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) పోయి మనమే ఆన్ చేయాలి. ఏసస్ బోర్డుల్లో దీన్ని డీఓసీపీ అంటారు, కొన్ని ఎంఎస్ఐ బోర్డుల్లో ఏ-ఎక్స్‌ఎంపీ అని ఉంటుంది. ఆన్ చేసి సేవ్ కొట్టగానే స్క్రీన్ నల్లగా అయిపోయి, ఫ్యాన్లు తిరిగి, ఆగి, మళ్ళీ తిరుగుతాయి. టెన్షన్ పడి పవర్ తీసేయకండి, బోర్డు ఆ వేగానికి ర్యామ్‌ని సర్దుకుంటోంది. ఎంతసేపటికీ రాకపోతే పవర్ ప్లగ్ పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని కాసేపు తీసి పెడితే సెట్టింగులు మొదటికి వస్తాయి. నాకు అంతదాకా రాలేదు, రెండోసారికే లేచింది. పీసీ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 1800 కనపడితే కంగారు పడక్కర్లేదు, అది సగం చూపిస్తుంది, మీది 3600లోనే ఉన్నట్టు.

బీ450 లాంటి పాత బోర్డులకి బయోస్ అప్‌డేట్ చేసి ఉంటే ర్యామ్ ఇంకా బాగా కుదురుకుంటుంది. కానీ కరెంటు పోయే వేళ ఆ పని పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. యూపీఎస్ మీద పెట్టి చేయండి.

మన ఎండలకి సంబంధించింది ఒకటుంది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే ఈ స్టిక్కులు 1.2 వోల్టుల బదులు 1.35 మీద నడుస్తాయి, కాస్త వేడెక్కుతాయి. మే నెల నెల్లూరు గదిలో ఏసీ లేకుండా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చల్లటి రాత్రి టెస్ట్ చేసి బాగుందనుకుంటే సరిపోదని, మిట్టమధ్యాహ్నం ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 పెట్టా. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు ఇస్తుంది, నాలుగింటిలో ఒక్క ఎర్రర్ లేదు. ఈ కిట్ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

లోటు చెప్పాలంటే రెండున్నాయి. హీట్ స్ప్రెడర్ ఎత్తుగా ఉంటుంది. 5600తో వచ్చే స్టాక్ కూలర్‌కి ఏ ఇబ్బందీ లేదు గానీ, పెద్ద టవర్ కూలర్ ఉన్నవాళ్ళు కొలత చూసుకోవాలి. రెండోది, 16 జీబీ ఇప్పుడు ఇరుకవుతోంది. గేము నడుస్తుండగా బ్రౌజర్, డిస్కార్డ్ తెరిస్తే నిండిపోతోంది. డబ్బుంటే 16 జీబీవి రెండు తీసుకోండి. జాగా చాలకపోతే వచ్చే ఆటంకం ముందు వేగంలో తేడా లెక్కలోకే రాదు.

కావలిలో మా బావమరిదికి 5600జీ (గ్రాఫిక్స్ లోపలే ఉండే రైజెన్ ప్రాసెసర్) ఉంది, విడిగా కార్డు లేదు. "బావా, ఇది ఎందుకిట్టా ఆగి ఆగి పోతుండాది?" అని ఫోన్ చేశాడు. పోయి చూస్తే అసెంబుల్ చేసిన షాపువాళ్ళు ఒకే ఒక్క 8 జీబీ 3200 స్టిక్కు పెట్టి ఇచ్చారు. కార్డు లేని పీసీలో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకోవాలి, ఒక్క స్టిక్కుతో దొరికేది సెకనుకి 25.6 జీబీ దారే. అలాంటిదే ఇంకొకటి తెచ్చి రెండో స్లాటు, నాలుగో స్లాటు జతగా పెట్టాం, దారి 51.2 అయింది. అదే జీటీఏ 5, అవే సెట్టింగులు, వాడి మొహం వెలిగిపోయింది. నా 3600 మార్పు కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద మార్పు. ఆ షాపు మీద నాకు నిజంగా కోపం వచ్చింది. కుర్రాడు కూడబెట్టుకున్న డబ్బుతో కొనుక్కున్న పీసీని సగం దారిలో నడిపించి, ఆ మాటైనా చెప్పకుండా పంపడం అన్యాయం.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి. నేను అంతకు ముందే కొన్నా, అప్పుడు 3200 సీఎల్16కీ దీనికీ మధ్య తేడా కొన్ని వందలే. ఇప్పుడు కొనేవాళ్ళు ముందు టాస్క్ మేనేజర్ తెరిచి స్పీడ్ ఎంతుంది, స్లాట్లు ఎన్ని వాడుతున్నాయి చూడండి. 3200 కిట్ కొని 2133 మీద నడుపుతున్నవాళ్ళని నేను చాలామందిని చూశా. వాళ్ళకి కావలసిన అప్‌గ్రేడ్ బయోస్‌లో పైసా ఖర్చు లేకుండా ఉంది. కొత్తగా ఏఎం5 (రైజెన్ 7000, ఆ తర్వాతి ప్రాసెసర్ల సాకెట్) పీసీ కట్టేవాళ్ళకి ఈ కిట్ స్లాటులో పట్టదు, వాళ్ళకి డీడీఆర్5 కావాలి. రైజెన్ 7000కి 6000 వేగం, ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటిదే, ఏఎండీ వాళ్ళది) ప్రొఫైల్ ఉన్నది చూసుకుంటే చాలు.

తీసేసిన 2666 స్టిక్కులు వృథా పోలేదు. మా ల్యాబులో రిపోర్టులు కొట్టే పీసీ ఐ3-10100, హెచ్410 బోర్డు. దాంట్లో 4 జీబీ ఉండేది, ఎక్సెల్ తెరిస్తే టీ తాగి రావచ్చు. ఆ ప్రాసెసర్, బోర్డు జతలో 3600 కిట్ పెట్టినా 2666 దాటనివ్వదు, కాబట్టి నా పాత స్టిక్కులు దానికి సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు 16 జీబీ. రైతు కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే రిపోర్టు ప్రింటుకి పోతోంది.