వారానికి ఒక్కటే తాగవలసిన పొడి: 60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్‌పై సమీక్ష

మందుల దుకాణంలో డి విటమిన్ పొడి కావాలని అడిగితే, చూపుడువేలంత పొడవున్న సాచెట్లు నాలుగు ఉన్న చిన్న పెట్టె ఇస్తారు. పేర్లు అనేకం ఉన్నా లోపలి మందు ఒక్కటే: గ్రాము బరువున్న తీపి గుళికలలో 60,000 అంతర్జాతీయ యూనిట్ల కొలెకాల్సిఫెరాల్, అంటే డి3 విటమిన్. గత ఏడాదిన్నర కాలంలో మా కుటుంబంలో మూడు కంపెనీల సాచెట్లు వాడాము. నేను చెప్పదలచిన మంచీ చెడూ మూడింటికీ సమానంగా వర్తిస్తాయి కనుక ఏ కంపెనీ పేరూ రాయడం లేదు.

ముందుగా మందు పనితనం. ఉదయం తొమ్మిదికి ముందే ఆఫీసుకు చేరి, చీకటి పడ్డాక బయటికి వచ్చే ఉద్యోగం నాది. నడుము నొప్పి, పిక్కల పీకుడు, మెట్లెక్కితే తొడలు బరువెక్కడం మొదలైన తరువాత రక్తపరీక్ష చేయిస్తే డి విటమిన్ మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు ఉన్నట్లు తేలింది. 20 కంటే తక్కువ ఉంటే లోపంగా పరిగణిస్తారు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తరువాత నెలకు ఒకటి తీసుకొమ్మని డాక్టరు గారు రాసి ఇచ్చారు. మూడు నెలల తరువాత చేసిన పరీక్షలో ఆ సంఖ్య 34కు చేరింది, నొప్పులు కూడా చాలావరకు తగ్గాయి. అదే సమయంలో రోజూ అరగంట నడవడం మొదలుపెట్టాను కనుక తగ్గిన నొప్పులన్నింటినీ సాచెట్ ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. అయినా రక్తంలో విటమిన్ మట్టం పెంచే పనిని ఈ మందు నిక్కచ్చిగా చేసిందనడంలో నాకు సందేహం లేదు. గోరువెచ్చని పాలలో ఇది బాగా కరుగుతుంది. చల్లటి నీళ్లలో వేస్తే గుళికలు చెంచాకు అంటుకొని కొంత మందు వృథా అవుతుంది. డి విటమిన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి పరగడుపున కంటే భోజనం తరువాత, నెయ్యో నూనో ఉన్న అన్నం తిన్నాక తాగితే ఒంటికి బాగా పడుతుంది.

ఇక కొనేవారెవరూ వేయని లెక్క ఒకటి ఉంది, దానిని నిదానంగా చూడాలి. 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాముకు సమానం. ఆ ప్రకారం ఒక సాచెట్‌లో ఉన్నది 1,500 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. చెంచాడు పొడిలో అసలు మందు ఇంత స్వల్పంగా ఉంటుంది కనుకనే అది ఎంత శక్తిమంతమైనదో కంటికి తెలియదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు కావలసిన డి విటమిన్ 600 యూనిట్లు. అంటే ఒక్క సాచెట్‌లో వంద రోజుల అవసరం ఇమిడి ఉంది. ఆరోగ్యవంతులు వైద్య పర్యవేక్షణ లేకుండా రోజూ తీసుకోదగిన గరిష్ఠ పరిమితి 4,000 యూనిట్లు అనుకుంటే, ఈ సాచెట్ దానికి పదిహేను రెట్లు. వారానికి ఒకటి చొప్పున సక్రమంగా తాగినా రోజువారీ సగటు ఎనిమిదిన్నర వేల యూనిట్లు దాటుతుంది. లోపం ఉన్నవారికి, కొన్ని వారాల పాటు, చివర మళ్లీ రక్తపరీక్ష చేయించే షరతుతో ఇవ్వవలసిన మోతాదు ఇది. ఇంటిల్లిపాదీ బలం కోసం ఏడాది పొడుగునా తాగేది ఎంతమాత్రం కాదు.

ఈ లెక్క నాకు కంఠతా రావడానికి కారణం మా పెద్దమ్మ. ఆమెకు 68 ఏళ్లు, కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు ఇది మంచిదని పక్కింటివారు చెబితే, ఊరి సెంటరులోని మందుల దుకాణానికి మనిషిని పంపి తెప్పించుకుంది. మందుల చీటీ ఎవరూ అడగలేదు, వారానికి ఒకటే తాగాలని ఎవరూ చెప్పలేదు. ఆమె రోజూ రాత్రి పాలలో ఒకటి కలుపుకొని తాగింది. పెట్టె అయిపోగానే మరొకటి తెప్పించుకుంది. సంక్రాంతికి నేను వెళ్లేసరికి ఆమెకు పది రోజులుగా మలబద్ధకం, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం, రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేవడం, అన్నం చూస్తేనే వెగటు. మనవళ్ల పేర్లు కూడా తడబడుతోంది. పండుగ పనుల అలసట అని ఇంట్లోవారు సరిపెట్టుకున్నారు. వంటింటి అలమరలో రబ్బరు బ్యాండు వేసి దాచిన ఖాళీ సాచెట్లు నా కంటపడ్డాయి. లెక్కపెడితే ఇరవై నాలుగు. అంటే 14,40,000 యూనిట్లు, రోజువారీ అవసరం ప్రకారం చూస్తే ఆరున్నరేళ్లకు సరిపడేంత విటమిన్, ఇరవై నాలుగు రోజుల్లో ఆమె ఒంట్లోకి వెళ్లింది.

విజయవాడ తీసుకువెళ్లి పరీక్షలు చేయిస్తే, పదిన్నరకు మించకూడని కాల్షియం 12.9 ఉంది, డి విటమిన్ 150 దాటింది, మూత్రపిండాల పనితీరు కూడా కొంత మందగించింది. డి విటమిన్ మితిమీరితే పేగుల నుంచి, ఎముకల నుంచి కాల్షియం రక్తంలోకి వచ్చి చేరుతుంది. దాహం, మలబద్ధకం, వికారం, మతిమరుపు అన్నీ ఆ కాల్షియం వల్లనే కలుగుతాయి. దానిని వడగట్టలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి, రాళ్లు ఏర్పడతాయి. నాలుగు రోజులు సెలైను ఎక్కించి, విటమిన్, కాల్షియం మాత్రలన్నీ ఆపించిన తరువాత ఆమె తేరుకుంది. కాని రక్తంలోని అంకెలు మామూలు స్థితికి రావడానికి రెండు నెలలకు పైగా పట్టింది. బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో నిలవ ఉండిపోతాయి కనుక తాగడం ఆపిన రోజునే ప్రమాదం ఆగిపోదు. "విటమినే కదమ్మా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను," అని ఆసుపత్రి మంచం మీద పెద్దమ్మ అన్నది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

ఎందుకంటే ఆ పెట్టెలో ఆమెను ఆపే మాట ఒక్కటీ లేదు. విరేచనాలైనప్పుడు తాగే ఓఆర్ఎస్ పొడిలాగే నారింజ రంగు, అదే ఆకారపు సాచెట్, చింపి కలుపుకొని తాగే పద్ధతి కూడా అదే. ఓఆర్ఎస్ తాగినకొద్దీ మేలు చేస్తుందని ఊళ్లో ఆశా కార్యకర్త చెప్పగా విన్న మనిషి, దీనినీ అలాంటిదే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. వైద్యుని సూచన మేరకు వాడవలెనని ఆంగ్లంలో, భూతద్దం లేనిదే కనబడనంత చిన్న అక్షరాల్లో ఉంది. మేము వాడిన మూడు కంపెనీల పెట్టెల్లో ఏ ఒక్కదాని మీదా తెలుగు అక్షరం లేదు, నాలుగు సాచెట్ల మీద మొదటి వారం, రెండవ వారం అన్న గుర్తులు లేవు. ఇంత మోతాదున్న మందును ఇంత అమాయకంగా కనిపించే కాగితంలో చుట్టి అమ్మడం సరికాదు. సాచెట్ ముఖం మీద "వారానికి ఒక్కటే" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయడానికి కంపెనీలకు అయ్యే ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు.

అమ్మే తీరు గురించి కూడా చెప్పాలి. నేను ఈ మందు కొన్న నాలుగైదు దుకాణాల్లో ఒకచోట మాత్రమే ఫార్మసిస్టు పెట్టె మీద పెన్నుతో "ఆదివారం" అని రాసి ఇచ్చారు. మిగిలినచోట్ల దీనితో పాటు కాల్షియం మాత్రల స్ట్రిప్పు, ఒక మల్టీవిటమిన్ డబ్బా కూడా తీసుకొమ్మన్నారు. కాల్షియం మాత్రలు చాలావాటిలో 250 నుంచి 500 యూనిట్ల డి విటమిన్ కలిసే ఉంటుంది, మల్టీవిటమిన్‌లో మరికొంత ఉంటుంది. మూడూ కలిపి వాడేవారు మొత్తం ఎంత అవుతున్నదో కూడి చూసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కాల్షియం, ఐరన్ మాత్రలను దానికి కనీసం నాలుగు గంటల ఎడంతో తీసుకోకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. గుండె కవాటం మార్పించుకొని రక్తం పలచబడే మాత్రలు వాడేవారు కె విటమిన్ ఉన్న డబ్బాను డాక్టరుకు చూపించకుండా ముట్టుకోకూడదు. జుట్టు కోసమని అమ్మే బయోటిన్ మాత్రలు గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను తప్పుదారి పట్టించగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

ఒకే అరలో పక్కపక్కన ఉన్నా ఇవన్నీ ఒక జాతివి కావు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ ఇచ్చే లైసెన్సు సంఖ్యతో వచ్చే ఆరోగ్య సప్లిమెంట్లు ఆహార చట్టం కిందికి వస్తాయి. వాటిలో విటమిన్లు రోజువారీ సిఫారసును మించకూడదు, వైద్య ప్రయోజనం కోసం కాదని లేబులు మీద రాయాలి. 60,000 యూనిట్ల సాచెట్ చికిత్స కోసం ఇచ్చే మోతాదు. ఈ తేడా తెలిస్తే చాలు, డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందుగా ఏ మూల చదవాలో తెలుస్తుంది.

లోపం లేనివారికి దీనివల్ల లాభం ఉందా అన్న ప్రశ్నకు పెద్ద అధ్యయనాలే జవాబు చెప్పాయి. అమెరికాలో 25,871 మందిపై రోజుకు 2,000 యూనిట్లతో జరిపిన వైటల్ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. క్యాన్సరు గాని, గుండెపోటు, పక్షవాతం గాని తగ్గలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని అదే పరిశోధన 2022లో తేల్చింది. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన స్త్రీలకు ఏడాదికి ఒకేసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూస్తే, వారు కిందపడటం, ఎముకలు విరగడం ఎక్కువైనట్లు 2010లో వెల్లడైంది. ఎముకల బలం కోసమే ఇచ్చిన మందు ఎముకలు విరగడానికి తోడ్పడిందన్న ఆ ఫలితం చదివిన రోజు నుంచి, పెద్ద మోతాదు పట్ల నాకు భయంతో కూడిన గౌరవం ఏర్పడింది.

ఇంత ఎండ కాసే నేల మీద డి విటమిన్ లోపమేమిటని చాలామంది అడుగుతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మనవారందరూ తెలుసుకోదగినది. పొలంలో పనిచేసే పల్లెవాసుల్లో పట్టణవాసుల కంటే విటమిన్ మెరుగ్గా ఉన్నా, వారిలోనూ లోపం కనిపించింది. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండటాన్నీ, ధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం దానిని ఒంటికి పట్టనివ్వకపోవడాన్నీ ఆ వైద్యులు ఎత్తిచూపారు. కాల్షియం చాలనప్పుడు శరీరం ఉన్న డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. కనుక సాచెట్ ఒక్కటే తాగి, కంచంలో మాత్రం గుట్టగా అన్నం, పక్కన ఆవకాయ మాత్రమే పెట్టుకుంటే పని సగమే జరుగుతుంది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. నువ్వుల్లో అంతకు మూడు రెట్లకు మించి ఉంది. మునగాకు, పెరుగు, మజ్జిగ ఎలాగూ ఉన్నాయి. రాగులను మొలకెత్తించినా, అంబలిని రాత్రంతా పులియనిచ్చినా ఫైటేట్ తగ్గుతుంది. మా అమ్మమ్మ కుండలో అంబలి పులియబెట్టినప్పుడు ఫైటేట్ పేరు ఆమెకు తెలియదు, ఫలితం మాత్రం ఆమె బిడ్డలకు దక్కింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలు కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు కలిపి కంచంలో దాదాపు సగం ఉండాలంటున్నాయి. డి విటమిన్ మాత్రం గుడ్డు సొనలో, కొవ్వున్న సముద్రపు చేపల్లో తప్ప మన తిండిలో పెద్దగా దొరకదు. దానికి ఎండే ఆధారం. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే ఆ ఎండ పనికిరాదు, చర్మం మీద నేరుగా పడాలి.

సప్లిమెంట్లన్నీ అనవసరమని నా అభిప్రాయం కాదు. పూర్తి శాకాహారులకు బి12 మొక్కల నుంచి దొరకదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే మధుమేహులకు అది తగ్గిపోవచ్చు. గర్భిణులకు ఫోలిక్ యాసిడ్, ఐరన్ తప్పనిసరి. ఈ సాచెట్‌ను కూడా రక్తపరీక్షలో లోపం తేలి, డాక్టరు వారాల లెక్క రాసి ఇచ్చినవారు నిస్సంకోచంగా కొనవచ్చు. మందుకు నేను అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను, పెట్టె మీద సమాచారానికి ఒకటి మించి వేయలేను. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు, కాల్షియం ఎక్కువగా ఉన్నవారు, పరీక్ష చేయించుకోకుండా నొప్పులకని కొనదలచినవారు దీని జోలికి వెళ్లకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో దీనిని చక్కెర డబ్బా పక్కన అసలే పెట్టకూడదు.

పెద్దమ్మకు ఆ తరువాత తొమ్మిది నెలలకు పరీక్ష చేస్తే విటమిన్ 26కు దిగింది. ప్రస్తుతానికి మందేమీ అక్కరలేదని, ఉదయం పదకొండు ప్రాంతంలో అరుగు మీద కాసేపు ఎండలో కూర్చొమ్మని డాక్టరు గారు చెప్పారు. నా నెలవారీ సాచెట్ మాత్రం కొనసాగుతోంది. గోడ మీది క్యాలెండరులో ప్రతి నెల మొదటి ఆదివారానికి ఎర్ర సిరాతో సున్నా చుట్టి, తాగిన వెంటనే దానిని కొట్టివేస్తున్నాను. మార్చి నెల సున్నా తరువాత మళ్లీ రక్తపరీక్ష ఉంది, అప్పటివరకు కొత్త పెట్టె కొనను.