ఫ్లోరెన్సా, బొలోన్యానా: అమ్మానాన్నలతో వెళ్తే ఏది మేలు?

"చూడ్డానికి ఫ్లోరెన్స్, తినడానికి బొలోన్యా" అని ఇటలీ తిరిగొచ్చినవాళ్లు చాలామంది చెబుతారు. నేనూ అదే నమ్మాను. అమ్మానాన్నలు జర్మనీలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ లెక్కనే మూడు రోజుల ప్లాన్ వేశాను. స్పీడ్ ట్రైన్‌లో ఈ రెండు ఊళ్ల మధ్య 40 నిమిషాలకు మించి పట్టదు కాబట్టి బస ఒక్కచోటే చాలు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చికెన్, చేప తింటారు కానీ బీఫ్, పోర్క్ జోలికి వెళ్లరు. పైగా ఆయనకు మోకాళ్ల నొప్పి. వీళ్లిద్దరితో తిరిగాక ఆ మాట మా ఇంటి వరకు పూర్తిగా తిరగబడింది.

ముందు చూసే సంగతి. ఫ్లోరెన్స్‌లో ఉన్నన్ని గొప్ప బొమ్మలు, శిల్పాలు అంత చిన్న ఊళ్లో ఇంకెక్కడా నేను చూడలేదు. అందులో వాదన లేదు. కానీ వాటిని చూడాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. పెద్ద చర్చి మీద వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి 1420లో మొదలుపెట్టి 1436లో పూర్తిచేసిన గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. పక్కనే ఉన్న జొత్తో గంటల గోపురానికి 414 మెట్లు, దానికీ లిఫ్ట్ లేదు. గుమ్మటానికి టైమ్‌తో సహా ముందే బుక్ చేసుకోవాలి. ఉఫీజీ, అకాడెమియా మ్యూజియంలు సోమవారం మూసేస్తారు, ఇది మర్చిపోతే ఒక రోజు వృథా. ఉఫీజీకి టికెట్ ముందే కొన్నా లోపలికి వెళ్లేముందు తనిఖీ దగ్గర నిలబడక తప్పలేదు. బొత్తిచెల్లి గీసిన వీనస్ బొమ్మ ముందుకు చేరేసరికి నాన్న బెంచీ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు.

అకాడెమియా మాత్రం చిన్నది, గంటలో అయిపోతుంది. మైకెలాంజెలో 1501 నుంచి 1504 వరకు చెక్కిన డేవిడ్ అక్కడే ఉంది, ఎత్తు 5.17 మీటర్లు. అందరూ నేరుగా దాని వైపే నడుస్తారు. మీరు మాత్రం దారిలో రెండు పక్కలా ఉన్న సగం చెక్కిన బందీల శిల్పాల దగ్గర ఆగండి. పోప్ రెండో జూలియస్ సమాధి కోసం మొదలుపెట్టి వదిలేసినవి అవి. ఒకదానికి ఒళ్లంతా బయటికి వచ్చింది, తల మాత్రం ఇంకా రాతి దిమ్మలోనే ఉంది. రాతి మీద ఉలి గీతలు దువ్వెనతో దువ్వినట్టు కనిపిస్తాయి. అమ్మ అక్కడే నిలబడిపోయింది. "పాపం, ఇంకా బయటికి రాలేదు వీడు" అంది. ఆ ఒక్క మాట కోసమైనా మళ్లీ తీసుకెళ్తాను.

బొలోన్యాలో ఇంత పేరున్న బొమ్మలు లేవు. కానీ అక్కడ ఊరే చూడాల్సింది. పాత ఇళ్లకు మన పెంకుటింటి ముందు వసారా ఎలా ఉంటుందో, అలా వీధి పొడవునా స్తంభాల మీద కప్పు ఉంటుంది. వీటిని పోర్టికోలు అంటారు. యూనివర్సిటీ వల్ల జనం పెరిగి పై అంతస్తులు వీధి మీదకు పెంచుకుంటూ పోయారు, కింద నడిచే దారి మిగిలింది. 1288లోనే కొత్త ఇంటికి పోర్టికో ఉండి తీరాలని ఊరి శాసనం వచ్చింది. ఇప్పుడు మొత్తం కలిపితే 62 కిలోమీటర్ల పొడవు, వాటిలో కొన్ని భాగాలు 2021లో యునెస్కో జాబితాలో చేరాయి. మేం వెళ్లిన రెండో రోజు పొద్దున్నుంచి వాన. గొడుగు తీయకుండా స్టేషన్ దగ్గర్నుంచి పియాజ్జా మజ్జోరే అనే పెద్ద చౌకు దాకా నడిచాం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, టికెట్ లేదు, లైను లేదు, బుకింగ్ టెన్షన్ లేదు.

ఆ చౌకులోనే సాన్ పెట్రోనియో చర్చి ఉంది. ముందు గోడ కింది భాగం పాలరాయి, పై భాగం ఉత్త ఇటుక. అలాగే వదిలేశారు. లోపల నేల మీద 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీనీ గీయించిన దాదాపు 67 మీటర్ల మధ్యాహ్న రేఖ ఉంది. కప్పులోని చిన్న రంధ్రంలోంచి పడే ఎండ చుక్క రోజూ మధ్యాహ్నం ఆ గీత దాటుతుంది. వాన వల్ల మాకు ఆ భాగ్యం కలగలేదు.

దాని బదులు ఎదురుగా పొదెస్తా భవనం కింద ఇంకోటి దొరికింది. అక్కడ నాలుగు మూలల కమాను ఉంది. ఒక మూలలో గోడ వైపు తిరిగి గుసగుసలాడితే ఎదురు మూలలో గోడకు చెవి పెట్టినవాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది. నాన్న ఒక మూల, అమ్మ ఒక మూల నిలబడ్డారు. మధ్యలో జనం నడుస్తున్నారు. అమ్మ ఒక్కసారి నవ్వి వెనక్కి తిరిగింది. ఏమన్నారని అడిగితే, "కాఫీ తాగుదామా అంటున్నారు" అంది. ఆ రోజు అలా మూడుసార్లు ఆడుకున్నారు.

బొలోన్యాలో జంట గోపురాలు ఎక్కుదామనుకుంటే కుదరదు. ఒరిగిన గరిసెందా పరిస్థితి చూసి 2023 అక్టోబర్‌లో దాని చుట్టూ మూసేశారు, పక్కనున్న ఆసినెల్లి ఎక్కడం కూడా ఆపేశారు. కొండ మీది సాన్ లూకా చర్చికి 666 కమానుల పోర్టికో దారి దాదాపు నాలుగు కిలోమీటర్లు. మోకాళ్లు నొప్పి అన్నవాళ్లకు చౌకు నుంచి చిన్న టూరిస్టు బండి ఉంది.

ఇక తిండి. అన్నీ తినేవాళ్లకు బొలోన్యాకు సాటి లేదు, ఒప్పుకుంటాను. రాగూ అనే మాంసం కూరతో తాల్యతెల్లె పాస్తా, వేడి రసంలో తొర్తెల్లీని అనే చిన్న పాస్తా మడతలు, మోర్తదెల్లా అనే పోర్క్ సాసేజ్. కానీ రాగూలో బీఫ్, పోర్క్ రెండూ ఉంటాయి. తొర్తెల్లీని లోపల పోర్క్, కింద మాంసం కాచిన రసం. అమ్మకోసం రికొట్టా జున్ను నింపిన తొర్తెల్లోని చెబుదామనుకున్నాను. కిటికీలోంచి చూస్తే లోపల ఒకావిడ బారెడు అప్పడాల కర్రతో పిండి పలచగా సాగదీసి, ముక్కలు కోసి, మన కజ్జికాయ అంచు నొక్కినట్టు వేలి చుట్టూ మడిచి నొక్కుతోంది. అమ్మ మురిసిపోయింది. పక్కనే గుడ్ల ట్రే చూసేదాకా. అక్కడి తాజా పాస్తా పిండి కలిపేది గుడ్డుతోనే. గుడ్డు లేనిది కావాలంటే ఎండు పాస్తా, వాళ్ల మాటలో పాస్తా సెక్కా, అడగాలి. అసలైన పర్మిజానో జున్నులో దూడ కడుపు నుంచి తీసిన తోడు పడుతుంది. కొన్ని రొట్టెల్లో పంది కొవ్వు కలుపుతారు, దాన్ని స్ట్రుట్టో అంటారు. పాస్తా సెక్కా, స్ట్రుట్టో, ఈ రెండు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఫ్లోరెన్స్ అంటే అందరూ కిలోల లెక్కన తూచి ఇచ్చే బీఫ్ స్టేక్ గురించే చెబుతారు. దాని పక్కనే పేదవాళ్ల వంట ఒకటి ఉంది, మా అమ్మకు దారి చూపించింది అదే. రిబొల్లీతా అంటే నిన్నటి రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్లగా ఉండే ఆకుకూర కలిపి మళ్లీ కాచిన చిక్కటి పులుసు లాంటిది. పప్పా అల్ పొమొదోరో అంటే టమాటాలో రొట్టె ఉడికించి పైన ఆలివ్ నూనె పోసింది. జున్ను అక్కర్లేదు, గుడ్డు లేదు. కొన్నిచోట్ల మాంసం రసం పోస్తారు కాబట్టి "సెంజా కార్నే?", అంటే మాంసం లేకుండానేనా, అని అడగడం మానకూడదు. మేం ఒకచోట అడగకుండా తెప్పించి, అమ్మ ముందు నుంచి గిన్నె వెనక్కి పంపాల్సి వచ్చింది. అది నా పొరపాటే.

ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతం రొట్టెలో ఉప్పు వేయరు. చప్పగా ఉందని నాన్న మొహం ముడిచారు. అమ్మ రొట్టె తుంచి పులుసులో ముంచుకుంటూ, "మనం మాత్రం అన్నంలో ఉప్పు వేస్తామా? కలుపుకోవడానికే కదా" అంది. తర్వాత నాన్న కూడా ఇంకో ముక్క తీసుకున్నారు.

కుర్రాళ్లు, మొదటిసారి ఇటలీ వెళ్తున్నవాళ్లు, మెట్లు లెక్కచేయనివాళ్లు ఫ్లోరెన్స్‌లోనే రెండు రాత్రులు ఉండండి. అన్నీ తినేవాళ్లు బొలోన్యాకు కనీసం ఒక రాత్రి భోజనం కేటాయించండి. శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం బస బొలోన్యాలో పెట్టుకుని, నడక అక్కడ కానిచ్చి, ఒక రోజు పొద్దున్నే రైలెక్కి ఫ్లోరెన్స్ వెళ్లండి. మ్యూజియం ఒక్కటే చాలు, అకాడెమియా. మిగిలిన టైమ్ మధ్యాహ్నం భోజనానికి ఉంచండి. రెండున్నర దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే తెరుస్తారు. ఈ వేసవిలో అత్తయ్య, మామయ్య వస్తున్నారు. వాళ్లకూ ఇదే టికెట్లు తీశాను.