రిప్, ఓఎస్‌పీఎఫ్: శాఖల నెట్‌వర్కుకు ఏది తగినది?

నల్గొండలో ప్రధాన కార్యాలయం, మిర్యాలగూడ, దేవరకొండల్లో శాఖలు ఉన్న సంస్థ తన రూటర్లలో, డేటా ఏ దారిన వెళ్లాలో తేల్చే రిప్ (RIP), ఓఎస్‌పీఎఫ్ (OSPF) అనే రెండు ప్రోటోకాల్‌లలో ఏది పెట్టుకోవాలన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న.

సమాచారం: రిప్‌లో రూటరు 30 సెకన్లకొకసారి తన దారుల పట్టిక మొత్తాన్ని పక్క రూటర్లకు చెబుతుంది, అంటే అంతా పొరుగువారి మాట మీదే నడుస్తుంది. ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి రూటరు తన లింకుల స్థితిని తన ఏరియా (రూటర్ల సమూహం) అంతటికీ చేరవేస్తుంది, అలా అందిన వివరాలతో ప్రతి ఒక్కటీ పూర్తి పటం గీసుకొని, అతి తక్కువ ఖర్చు దారిని కనిపెట్టే డైక్‌స్ట్రా పద్ధతిలో దారిని తానే లెక్కగడుతుంది.

దారి ఎంపిక: అసలు తేడా ఇక్కడే ఉంది. దేవరకొండకు నేరుగా నెమ్మదైన రేడియో లింకు, మిర్యాలగూడ మీదుగా వేగమైన ఫైబర్ ఉన్నాయనుకుందాం. మజిలీలను, అంటే దారిలో దాటాల్సిన రూటర్లను మాత్రమే లెక్కించే రిప్ రేడియో లింకునే పట్టుకుంటుంది. లింకు వేగాన్ని బట్టి ఖర్చు కట్టే ఓఎస్‌పీఎఫ్ ఫైబర్‌ను ఎంచుకుంటుంది. అయితే సిస్కో రూటర్లలో ఈ ఖర్చు లెక్కకు ఆధారమైన ప్రామాణిక వేగం మొదట 100 ఎంబీపీఎస్‌గానే ఉంటుంది కనుక, దాన్ని పెంచకపోతే గిగాబిట్ లింకుకూ 100 ఎంబీపీఎస్ లింకుకు పడే ఖర్చే పడుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.

ప్రమాదం: పొరుగు రూటరు మౌనం వహిస్తే, ఆ దారి చెల్లదని తేల్చడానికి రిప్‌కు 180 సెకన్లు పడుతుంది, ఈథర్‌నెట్ మీద ఓఎస్‌పీఎఫ్‌కు సాధారణంగా 40 సెకన్లు చాలు. రిప్‌లో 16వ మజిలీ అంటే చేరరాని చోటు.

శ్రమ: రిప్‌కు నాలుగు కమాండ్లు, ఓఎస్‌పీఎఫ్‌కు ఏరియాల ప్రణాళిక.

ఒకే దారి ఉన్న రెండు మూడు రూటర్లకు రిప్ సరిపోతుంది. ప్రత్యామ్నాయ దారి ఉన్నా, మహబూబ్‌నగర్ వైపు శాఖలు పెరగనున్నా ఓఎస్‌పీఎఫ్‌నే పెట్టుకోవాలి.