పాడి గేదె: బేరగాడి దగ్గర కొనాలా, రైతు ఇంటి దగ్గరా?

ఈమధ్య మేం గేదెను కొన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళందరూ అడిగేది ఇదే. రెండు చోట్లా కొన్నాను. బేరగాళ్ళంతా మోసగాళ్ళనీ, రైతులంతా సత్యసంధులనీ అనను. అయినా ఒకటో రెండో గేదెలు కావాలంటే రైతు ఇంటికే వెళ్ళమంటాను. ఎందుకో చెప్తాను.

బేరగాడి పాకలో ఎనిమిదో పదో గేదెలు ఒకేచోట ఉంటాయి. పొదుగు, చన్నులు, నడక పక్కపక్కనే పోల్చి చూసుకోవచ్చు. రోహ్‌తక్, జింద్, హిసార్ వైపు ముర్రా జాతి గేదె కావాలంటే మనం హర్యానా దాకా పోనక్కర్లేదు. సగం డబ్బు ఇప్పుడు, సగం నెలాగి ఇస్తామన్నా కొందరు ఒప్పుకుంటారు. లోను వచ్చింది, నెల తిరక్కుండా ఐదు గేదెలు పాకలో ఉండాలి అనేవాళ్ళకి ఇంతకంటే దారి లేదు. ‘పాలు తగ్గితే మార్చి ఇస్తా’ అని కూడా అంటారు. అది కాగితం మీద రాయించుకోండి.

అక్కడ బేరమంతా లీటర్ల మీదే నడుస్తుంది. రోజుకి 10 లీటర్లంటే ఒక ధర, 12 అంటే ఇంకో ధర. అందుకే చూడటానికి వెళ్ళిన పూట పొదుగు నిండుగా ఉండాలి. నాలుగేళ్ళ కిందట నేను అలాంటి పొదుగు చూసే పడిపోయాను. చన్నులు పక్కలకి తిరిగిపోయి ఉన్నాయి, చర్మం నిగనిగలాడుతోంది, గేదె వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. నా ఎదురుగా పితికితే ఆరున్నర లీటర్లు. ఇంటికొచ్చాక పూటకి నాలుగు దాటలేదు. ముందు పూట పితక్కుండా ఆపేశారన్న మాట.

దీనికి విరుగుడు తేలికే. మొదటి పూట దగ్గరుండి పూర్తిగా పిండించండి, ఆ పాలు లెక్కలో వేసుకోకండి. తర్వాతి రెండు పూటల పాలే లెక్క. దూడని వదిలినప్పుడు గేదె వాసన చూసి నాకుతుందో, తంతుందో కూడా చూడండి. వేరే దూడని కట్టేసి ‘మొన్ననే ఈనింది’ అనడమూ ఉంది.

అయితే నన్ను ఎక్కువ నష్టపెట్టింది ఆ లీటర్ల తేడా కాదు. ఆ గేదె సకాలంలో చూడి కట్టలేదు. దానిది మూగ ఎద, అరవదు, ఎదకొచ్చినప్పుడు కారే తీగ సరిగా వెయ్యదు, మనం గమనించేలోపు అయిపోతుంది. నాలుగుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే కట్టింది. గేదె చూడి 310 రోజులు. ఈనిన మూడు నాలుగు నెలల్లో కడితే 14 నెలలకి మళ్ళీ ఈనాలి. మాది 21 నెలలకి ఈనింది. వట్టిపోయిన గేదెకి మేత, దాణా రోజుకి 150 రూపాయలే అనుకున్నా అదనంగా పోయిన ఏడు నెలలకి 31,500. పైగా ఆ ఏడు నెలలూ చేతికి చుక్క పాలు లేవు.

ఈ సంగతి బేరగాడు దాచాడని కూడా అనలేను. పది రోజుల కిందట సంతలో కొన్న గేదె గురించి అతనికి మాత్రం ఏం తెలుసు?

రైతు ఇంట్లో అది రాసి ఉంటుంది. పాల కేంద్రం పుస్తకం అడగండి. ఒకటే గేదె ఉన్న ఇల్లైతే ఆ పుస్తకమే గేదె జాతకం. ఏ నెలలో పాలు మొదలయ్యాయి, ఎన్ని లీటర్లకి ఎక్కాయి, వెన్న శాతం ఎంత, ఎప్పుడు వట్టిపోయింది, మళ్ళీ ఎప్పుడు మొదలైంది అన్నీ దొరుకుతాయి. ఇంటికి వాడుకునే పాలు కలుపుకోవాలి, అంతే. రెండు ఈతల పుస్తకాలుంటే ఈతకీ ఈతకీ ఎడం మీరే లెక్కేసుకోవచ్చు. తర్వాత ఆ ఊళ్ళో ఈ సూదులు వేసే గోపాలమిత్రని కలవండి. ఎన్ని సూదులకి కట్టిందో అతనికి గుర్తుంటుంది. చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరుతో వివరాలు ఎక్కించి ఉంటే మరీ మంచిది.

‘మంచి గేదెను రైతు ఎందుకు అమ్ముకుంటాడు?’ అని అడుగుతారు. సబబైన అనుమానమే. మాకు అమ్మిన ఇంట్లో ముసలి దంపతులిద్దరే ఉన్నారు, గడ్డి కోసుకొచ్చే ఓపిక లేదు. పెళ్ళి ఖర్చు, పిల్లల ఫీజులు, వేసవిలో మేత కరువు, ఇవన్నీ నిజమైన కారణాలే. చెప్పిన కారణం నిజమో కాదో పక్కింట్లో అడిగితే తెలిసిపోతుంది.

రైతు దగ్గర ఇబ్బందులూ ఉన్నాయి. నాకు నచ్చిన గేదె దొరకడానికి ఆరు వారాలు పట్టింది. ధర తగ్గించరు, బాకీ ఒప్పుకోరు, మార్చి ఇవ్వడం అసలుండదు. ఇంకోటి, ఆ గేదె ఇంటావిడ చేతికే చేపేది, అంటే పాలు వదిలేది. మా పాలేరు కూర్చుంటే పాలు ఎగబట్టింది. ఆవిడ పక్కన నిలబడి వీపు నిమిరితే గానీ చేపలేదు. కాబట్టి కొనేముందే ఒక పూట మీ మనిషి చేత పితికించి చూడండి.

ఈసుకుపోయే (చూడి నిలవకుండా పోయే) జబ్బుకి రక్త పరీక్ష, పొదుగు వాపుకి పాల పరీక్ష మాత్రం ఎక్కడ కొన్నా చేయించాల్సిందే. ఫోన్ యాప్‌లో వీడియో చూసి అడ్వాన్సు పంపడం వద్దు. సొంతంగా హర్యానా వెళ్ళి తెచ్చుకోవడం పదుల సంఖ్యలో కొనేవాళ్ళ పని. 1,600 కిలోమీటర్లకి పైగా లారీలో వచ్చిన గేదె తేరుకోవడానికి రోజులు పడుతుంది.

మేం తెచ్చింది మూడో ఈత గేదె, ఈని 20 రోజులైంది. దాంతోపాటు వాళ్ళింట్లో అది తినే దాణా, ఎండుగడ్డి వారానికి సరిపడా కొని తెచ్చాం. మొదటి రెండు పూటలు పాలు సగానికి పడ్డాయి. ఆవిడకి ఫోన్ చేస్తే పితికే ముందు నానబెట్టిన పత్తిచెక్క ముందర పెట్టమంది. నాలుగో రోజుకి పుస్తకంలో ఉన్న లెక్కకి వచ్చింది.