గాలి, ఇంజను, మైకు: కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా

వేట పడవలో ఒంటరిగా వీడియో, ఆడియో తీయాలనుకునేవాళ్లు రేవు ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: పడవ నీళ్లలోకి ఎలా దిగుతుంది?

నెల్లూరు, ఒంగోలు తీరంలోని మైపాడు, పాకల, కొత్తపట్నాల్లో ఫైబర్ పడవను ఇసుక మీద నుంచి తోసి కెరటాలు దాటిస్తారు. ఆ కాసేపట్లో నడుం దాకా తడవడం ఖాయం. కెమెరా అప్పటికే బిగించి ఉంటే లెన్సు మీద పడిన చుక్కలు ఎండి ఉప్పు మచ్చలవుతాయి, ఆ తర్వాత తీసిందంతా మసకే. సామానంతా నోరు చుట్టి మూసే డ్రై బ్యాగులో పెట్టి, బ్యాగును అడ్డబల్లకు కట్టి, కెరటాలు దాటాకే విప్పాలి. కెరటాల దృశ్యమే కావాలంటే ఛాతీకి కట్టుకున్న యాక్షన్ కెమెరా ఒక్కటే దిక్కు.

కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకులో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. మొదటిసారి సరంజామా పరీక్షించుకోవడానికి అదే మేలు. శబ్దానికి మాత్రం అంత మంచిది కాదు, పోర్టు హోరు మైకులో పడుతూనే ఉంటుంది. పైగా పోర్టు చుట్టుపక్కల కెమెరా ఎత్తితే ప్రశ్నలు తప్పవు, డ్రోన్ ఊసైతే ఎత్తనే వద్దు. జువ్వలదిన్నె హార్బర్ జెట్టీ నుంచి ఎక్కించుకునే పడవ దొరికితే బరువు సామాను ఉన్నవాళ్లకు అది నయం. శబ్దం కోసమే వెళ్లేవాళ్లు కొత్తపట్నమో పాకలో చూసుకోవాలి. తడిసినా పర్లేదు, ఇంజను ఆపాక వినిపించేది నీళ్లూ మనుషులే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. జనవరి, ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి. బయల్దేరే ముందు రోజు ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచన చూడాలి. తీర రక్షక దళం నంబరు 1554 ఫోనులో ఉండాలి.

మన తీరంలో పడవ తెల్లవారుజామున తూర్పుకు పోతుంది, సూర్యుడు ఎదురుగా లేస్తాడు. అందుకే కెమెరాను పడవ ముందు కొసన వెనక్కి తిప్పి బిగిస్తే మనుషుల ముఖాల మీద వెలుగు పడుతుంది, ఇంజనుకూ దూరంగా ఉంటుంది. ఉదయమే ఒడ్డుకు తిరిగొచ్చేటప్పుడు అదే కెమెరా సూర్యుణ్ణే చూస్తుంది కాబట్టి దాన్ని నడిమి బల్లకు మార్చి ముందుకు తిప్పాలి. వాక్యూమ్ కప్పు తడి ఫైబర్ మీద నిలవదు. బిగింపు క్లాంపు వాడి, కింద సైకిల్ ట్యూబు ముక్క వేస్తే వణుకు తగ్గుతుంది. ఇంజను పక్కన బిగించిన కెమెరాలో బొమ్మ జెల్లీలా ఊగేది ఆ వణుకు వల్లే. క్లాంపు ఎంత గట్టిదైనా సరే, కెమెరాకు విడిగా ఒక తాడు ఉండాల్సిందే.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఆడియోనే. యాక్షన్ కెమెరా మైకును నమ్ముకుంటే గాలీ ఇంజనూ తప్ప ఏమీ మిగలదు. వైర్‌లెస్ మైకుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మనిషి ఒళ్లు అడ్డొచ్చినా సిగ్నలు తెగుతుంది కనుక, ట్రాన్స్‌మిటర్‌లోనే (మాట్లాడే మనిషి ఒంటి మీద ఉండే భాగంలోనే) రికార్డయ్యే రకం కొనాలి, లేదంటే జేబులో చిన్న రికార్డరు పెట్టుకుని కాలరు మైకు తగిలించుకోవాలి. మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి, ఉత్త స్పాంజి సముద్రపు గాలికి ఆగదు. లైఫ్ జాకెట్ కింద పెడితే రాపిడి శబ్దం పడుతుంది. మైకును జాకెట్ పై అంచున తగిలించి, గాలికి వీపు చూపించి మాట్లాడాలి. జాకెట్ విప్పేసి మాట్లాడాలన్న ఆలోచనే రానీయొద్దు.

రికార్డరు సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మామూలు మాట రికార్డరు మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. వల లాగేటప్పుడు వేసే కేకలకు అంతకన్నా ఎక్కువ పెడితే శబ్దం పగిలిపోతుంది. 32 బిట్ ఫ్లోట్ (మరీ పెద్ద శబ్దాన్నీ పగలకుండా పట్టే పద్ధతి) ఉన్న రికార్డరుతో ఈ బాధ చాలావరకు ఉండదు. లో-కట్ (లోతైన హోరును కోసేసే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టినా డీజిల్ ఇంజను టకటక పూర్తిగా పోదు, ఎందుకంటే ఆ శబ్దం మనిషి గొంతు ఉండే చోటి దాకా పాకి ఉంటుంది. చెప్పాల్సినవి ఇంజను ఆపినప్పుడే చెప్పేయాలి. కెమెరా, రికార్డరు గడియారాలు గంటల తరబడి కలిసి నడవవు కాబట్టి ప్రతి ఫైలు మొదట్లో, చివర్లో లెన్సు ముందు ఒక చప్పట కొట్టాలి, ఎడిటింగ్‌లో బొమ్మనూ శబ్దాన్నీ దాన్ని బట్టే కలపాలి. మాటలేమీ లేకుండా ఒక నిమిషం ఇంజను శబ్దం, ఒక నిమిషం నీళ్ల శబ్దం విడిగా తీసుకుంటే ఎడిటింగ్‌లో కోతలు కప్పుకోవచ్చు.

4కె వీడియో సెకనుకు 60 మెగాబిట్లతో తీస్తే గంటకు 27 జీబీ. ఐదు గంటల వేటకు 135 జీబీ కనుక 128 జీబీ కార్డు చాలదు. పవర్ బ్యాంకు తగిలించడానికి కెమెరా పక్క తలుపు తీశారంటే వాటర్‌ప్రూఫ్ పోయినట్టే. విడి బ్యాటరీలు మూడు నాలుగు, పొడి గుడ్డ ఒకటి, వాటిని పెట్టుకోవడానికి మూత ఉన్న డబ్బా మేలు.

బసకు మైపాడుకైతే నెల్లూరు, జువ్వలదిన్నెకు కావలి, పాకలకు సింగరాయకొండ, కొత్తపట్నానికి ఒంగోలు. ఒంగోలులో గదుల ఎంపిక ఎక్కువ. లాడ్జిలో రెండు సంగతులు ముందే అడగాలి. తెల్లవారుజామున మూడింటికి గేటు ఎవరు తీస్తారు? తాళం చెవి తీసేస్తే ప్లగ్గుకు కరెంటు పోతుందా? పోతే గది తాళం వేసి బయటికి వెళ్లినప్పుడు ఛార్జింగ్‌కు పెట్టినవి ఖాళీగానే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వెంట ఉండాలి, ఆటో ముందు సాయంత్రమే మాట్లాడుకోవాలి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను ఉప్పగాలిలో వెంటనే తెరిస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది, బ్యాగులోనే అరగంట ఉంచాలి.

ఇవి ప్రయాణికుల పడవలు కావు. యజమాని ఒప్పుకుని, మెరైన్ పోలీసులకు తెలిపాకే ఎక్కాలి. రాత్రి సముద్రంలో ఉండిపోయే పడవ జోలికి పోకుండా, అదే రోజు తిరిగొచ్చేదే చూసుకోవాలి. డబ్బు విషయం ఒడ్డునే తేల్చుకోవాలి. డీజిలు ఖర్చులో భాగం, దానిపైన ఒక మనిషి వాటా అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. చుట్టిన తాడు మధ్యలో కాలు పెట్టొద్దు, వల జారేటప్పుడు అది మనిషిని కూడా లాక్కుపోతుంది. “అన్నా, తీయొచ్చా?” అని ఒక్క మాట అడగకుండా ఎవరి ముఖమూ దగ్గర నుంచి తీయొద్దు.

గదికి రాగానే వాటర్‌ప్రూఫ్ కెమెరా తలుపులన్నీ మూసి, క్లాంపుతో పాటు బకెట్టు మంచినీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. క్లాంపు మరలకు ఉప్పు పట్టిందంటే తర్వాతి వేటకు అవి తిరగవు.